ఏభై ఏడేళ్లకు పర్మనెంటైన పంతులుగారు: లూయీ బాషెలియే

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. దేశనాయకుల మీద వ్రాయడానికి మనలో నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. నేను ఒక ఫ్రెంచి లెక్కల మాస్టారిని ఎంచుకున్నాను. ఆయన పేరు లూయీ బాషెలియే. షేర్ల ధరలకు లెక్క కట్టేవాళ్లందరికీ ఈనాడు ఆయన మూలపురుషుడు. కాని బ్రతికున్నంతకాలం పర్మనెంటు ఉద్యోగం కోసం ఊరూరా తిరిగిన మనిషి. ఇందులో ఆయన జీవితం ఎంత ఉందో, నా సొంత డబ్బు సంగతి కూడా కొంత ఉంది. ఆ డబ్బు పోయి ఉండకపోతే నేను ఆయన జోలికి వెళ్లేవాణ్ణి కాదు. అందుచేత ముందు అదే చెబుతాను.

నేను సర్వీసంతా గణాంకాల పనిలో గడిపినవాణ్ణి. పంట కోత ప్రయోగాల దిగుబడులు కూడడం, సగటులు తీయడం, ప్రామాణిక విచలనం కట్టడం నా పని. వరిమళ్ల దిగుబడులను గ్రాఫు కాగితం మీద గుర్తించుకుంటూ పోతే మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా జారుతూ, గంట బోర్లించినట్టు ఒక ఆకారం వస్తుంది. దాన్నే గంట వక్రం అంటాం. సగటుకు దగ్గరగా ఎక్కువ మళ్లు, దూరంగా పోయినకొద్దీ తక్కువ మళ్లు. మరీ దూరంగా దాదాపు ఏమీ ఉండవు.

2018 జనవరిలో ఒక ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో 4 లక్షలు మా ఆవిడ మోకాళ్ల ఆపరేషన్ కోసమని విడిగా ఉంచాను. దాన్ని మ్యూచువల్ ఫండులో పెట్టమని చెప్పి ఒక కాగితం చూపించాడు. దాని మీద నా పాత స్నేహితుడు గంట వక్రం కనిపించాడు. బజారు రోజువారీ ఊగిసలాట సుమారు ఒక శాతం అనుకుంటే, ఒకే రోజులో 4 శాతం పడిపోవడం నూరేళ్లకు పైగా ఎదురుచూస్తే గాని జరగదని ఆ కాగితం సారాంశం. లెక్క నేను మళ్లీ వేసి చూశాను. సరిగ్గానే ఉంది. ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు మించిన పతనం మూడేళ్లకొకసారి, నాలుగు రెట్లయితే 126 ఏళ్లకొకసారి, ఐదు రెట్లయితే దాదాపు 14 వేల ఏళ్లకొకసారి. ఏజెంటును ఏమీ అనలేను. సంతకం పెట్టింది లెక్క వేసి చూసిన నేనే.

2020 మార్చి 9న సెన్సెక్సు 5 శాతం పైగా పడింది. 12న 8 శాతం పైగా పడింది. 16న దాదాపు 8. 23న, దేశమంతా తలుపులు వేసుకుంటున్న రోజున, ఒక్క రోజులో 13.15 శాతం పోయింది. ఆ కాగితం లెక్క ప్రకారం 8 శాతం పతనానికే విశ్వం వయసు చాలదు. అలాంటివి రెండు వారాలలోనే వచ్చాయి. 24న మా అబ్బాయి చేత అమ్మకం ఆర్డరు పెట్టించాను. 4 లక్షలకు 2 లక్షల 90 వేలు చేతికొచ్చాయి.

నా వక్రం ఎక్కడ తప్పింది? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మా అబ్బాయి చదువుకున్న రోజుల నాటి పుస్తకమొకటి అటక మీద ఉంటే దించి చదివాను. బజారు ధరలకు గంట వక్రాన్ని మొట్టమొదట తొడిగిన మనిషి పేరు అందులో అడుగున చిన్న అక్షరాలతో ఉంది. అక్కడినుంచి ఆయన జీవితం వెదుక్కుంటూ పోయాను.

బాషెలియే 1870 మార్చి 11న ఫ్రాన్సు ఉత్తర తీరంలోని లె హావ్ర్ అనే రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి సారాయి వర్తకుడు. మనవైపు సారా కాదు, ద్రాక్ష సారాయి. ఆయన వెనెజులా దేశానికి ఆ ఊళ్లో వైస్ కాన్సల్‌గా కూడా ఉండేవారు. తల్లి ఒక బ్యాంకరు కూతురు. అంటే ఇంట్లో సరుకు ధర, వడ్డీ, మారకం వంటి మాటలు చిన్నప్పటి నుంచీ చెవిన పడే ఇల్లు. 1888లో కాన్ పట్టణంలో పరీక్ష పాసయ్యారు. పై చదువుకు పారిస్ వెళ్లవలసిన సమయంలో 1889 జనవరిలో తండ్రి పోయారు. నాలుగు నెలలు తిరక్కుండా మే నెలలో తల్లి పోయారు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడి మీద వ్యాపారం, ఒక సోదరి, మూడేళ్ల తమ్ముడు పడ్డారు. చదువు మూలన పెట్టి కొట్టు చూసుకున్నారు. ఆ తరువాత సైన్యంలో నిర్బంధ సేవ. ఇవన్నీ ముగించుకుని 1892లో పారిస్ చేరి సొర్బాన్‌లో విద్యార్థి అయ్యేసరికి ఆయనకు 22 ఏళ్లు. తోటివాళ్లు అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయారు. పేరున్న పెద్ద కళాశాలల్లో చదివే అవకాశం పోయింది. ఫ్రాన్సులో ఆ ముద్ర లేనివాడు జీవితాంతం గడప బయటే ఉండేవాడు. దాని ఫలితం తరువాత కనిపిస్తుంది.

సొర్బాన్‌లో ఆయనకు దొరికిన గురువులు మాత్రం గొప్పవాళ్లు. పాల్ అపెల్, జోసెఫ్ బుసినెస్క్, అందరినీ మించి ఆన్రీ పొయాంకరే. ఆ కాలపు గణితశాస్త్రంలో పొయాంకరేకు తెలియని గది లేదంటారు. బాషెలియే 1895లో పట్టా తీసుకుని, డాక్టరేటు వ్యాసానికి ఎవరూ ఊహించని అంశం పట్టుకున్నారు. అది పారిస్ బూర్సు, అంటే అక్కడి షేర్ బజారు. వ్యాసం పేరుకు తెలుగులో స్పెక్యులేషన్ సిద్ధాంతం అని అర్థం. 1900 మార్చి 29న పరీక్షకుల ముందు దాన్ని సమర్థించుకున్నారు.

ఆ వ్యాసంలో ఏముందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది.

ఆ రోజుల్లో పారిస్‌లో ఎక్కువగా చేతులు మారేవి ప్రభుత్వ ఋణపత్రాలు. వాటిని రాంత్ అనేవారు. అసలు తిరిగి రాదు, ఏటేటా 3 శాతం వడ్డీ మాత్రం వస్తూనే ఉంటుంది. మనకు పింఛను వచ్చినట్టు అక్కడి మధ్యతరగతి కుటుంబాలు వాటి వడ్డీ మీద బ్రతికేవి. కాగితం ధర మాత్రం రోజూ కాస్త ఎక్కేది, కాస్త దిగేది. దాని మీద వాయిదా బేరాలుండేవి. ఇంకొక రకం బేరం కూడా ఉండేది. మన ఊళ్లలో స్థలానికి బయానా ఇస్తాం చూడండి, అలాగ. కొంత సొమ్ము కట్టి, ఫలానా రోజున ఫలానా ధరకు కొనే హక్కు పెట్టుకోవడం. ఆ రోజుకు ధర కలిసొస్తే కొంటాడు, కలిసిరాకపోతే బయానా వదులుకుంటాడు. ఆ బయానా ఎంత ఉంటే న్యాయం? బూర్సు దళారులు అనుభవం మీద ఏదో చెప్పేవారు. బాషెలియే లెక్క కట్టి చెప్పడానికి పూనుకున్నారు.

బేరంలో ఎప్పుడూ ఇద్దరుంటారు. ధర పెరుగుతుందని కొనేవాడు ఒకడు, తగ్గుతుందని అమ్మేవాడు ఒకడు. ఇద్దరికీ తెలివి ఉంది, ఇద్దరికీ తెలిసిన సమాచారమంతా ఈనాటి ధరలో అప్పుడే కలిసిపోయి ఉంది. కాబట్టి రేపటి ధర ఎటు పోతుందో ఎవరికీ మొగ్గు లేదు, సగటున జూదగాడి లాభం సున్నా. ఇది ఆయన మొదటి మెట్టు. ఎటో చెప్పలేకపోయినా ఎంత దూరం పోవచ్చో చెప్పవచ్చు అన్నది రెండో మెట్టు. తప్పతాగినవాడు దీపస్తంభం దగ్గర బయలుదేరి ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు వేస్తూ పోతే నూరడుగుల తరువాత ఎక్కడుంటాడో చెప్పలేం. కాని స్తంభానికి సుమారు పదడుగుల దూరంలో ఉంటాడని చెప్పగలం. నూరుకు వర్గమూలం పది. అలాగే ధర చెదిరే దూరం కాలంతో సమానంగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. ఒక రోజుకు ఒక శాతమైతే నాలుగు రోజులకు రెండు శాతం, నూరు రోజులకు పది శాతం. ఏ రోజున చూసినా ఆ చెదురు ఆకారం గంట వక్రమే. రోజులు గడిచినకొద్దీ గంట వెడల్పవుతూ పొట్టిదవుతుంది తప్ప ఆకారం మారదు.

ఇక్కడ ఆయనకొక విచిత్రం కనిపించింది. ఇనుప కడ్డీకి ఒకచోట వేడి పెడితే ఆ వేడి రెండు పక్కలకూ ఎలా పాకుతుందో, సంభావ్యత కూడా ధరల మీద అదే సమీకరణంతో పాకుతోంది. ఐదేళ్ల తరువాత, 1905లో, నీటిలో తేలే సూక్ష్మకణాల కదలికకు ఐన్‌స్టీన్ మహాశయుడు కట్టిన లెక్క కూడా ఇదే లెక్క. ఆయనకు బాషెలియే సంగతి తెలియదు. తన లెక్కను ఊరికే వదలకుండా బాషెలియే 1894 నుంచి 1898 వరకు బూర్సు ధరలతో సరిపోల్చి చూశారు కూడా. లెక్క, బజారు చాలావరకు కలిశాయి.

ధర ఎంత త్వరగా చెదురుతుందో కొలిచే సంఖ్యకు ఆయన పెట్టిన పేరు చూసి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దాన్ని ఆయన అస్థిరతా గుణకం అన్నారు, నరాల బలహీనత అనే అర్థం వచ్చే మాట కూడా వాడారు. అది పెరిగితే బజారు ఆందోళనగా ఉన్నట్టు, తగ్గితే ప్రశాంతంగా ఉన్నట్టు అని ఆయనే వివరించారు. అంటే బజారుకు నరాలున్నాయని, అవి ఒకప్పుడు బిగుస్తాయని, ఒకప్పుడు సడలుతాయని ఆయనకు తెలుసు. కాని సూత్రం కట్టేటప్పుడు దాన్ని ఒకే అంకెగా కూర్చోబెట్టారు. అప్పటికి గణితంలో ఉన్న పనిముట్లతో అంతకంటె చేయడం ఎవరికీ సాధ్యం కాదేమో. నూట ఇరవై ఏళ్ల తరువాత నా ఇంటికొచ్చిన కాగితం మీద కూడా అదే ఒకే అంకె.

పరీక్షకులు ఏం చేశారు? పొయాంకరే నివేదిక చదివితే ఆయనకు వ్యాసం నచ్చిందని తెలుస్తుంది. అంశం మామూలుగా విద్యార్థులు ఎంచుకునేవాటికి కొంచెం దూరంగా ఉందని అన్నారు, వేడితో పోల్చిన భాగాన్ని ఇంకా పెంచి ఉంటే బాగుండేదని కూడా అన్నారు. చివరకు ఇచ్చిన శ్రేణి గౌరవనీయం. వినడానికి బాగుంది. కాని విశ్వవిద్యాలయంలో కొలువు రావాలంటే మిక్కిలి గౌరవనీయం అనే పై శ్రేణి కావాలి. ఒక్క విశేషణం తగ్గింది. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో వెరీ గుడ్‌కు బదులు గుడ్ పడినందువల్ల ప్రమోషన్ పోగొట్టుకున్న మన మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

వ్యాసం ఆ ఏడాదే ఒక పెద్ద గణిత పత్రికలో అచ్చయింది. తొమ్మిదేళ్ల వరకు ఏ విశ్వవిద్యాలయమూ ఆయనను పిలవలేదు. 1909 నుంచి సొర్బాన్‌లో పాఠాలు చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చారు, మొదటి సంవత్సరాలు జీతం లేదు. 1912లో సంభావ్యతా గణితం మీద పెద్ద గ్రంథం వెలువరించారు. 1914లో జూదం, అదృష్టం, యాదృచ్ఛికత మీద సామాన్యులకోసం ఒక చిన్న పుస్తకం వ్రాశారు. అది ఆరువేల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. ఈ పుస్తకాన్ని గుర్తుంచుకోండి, దానితో తరువాత పని ఉంది. అదే ఏడు పారిస్ విశ్వవిద్యాలయం వారు ఆయన కొలువును స్థిరం చేయడానికి సుముఖులయ్యారు. ఉత్తర్వు చేతికి రాకముందే ఆగస్టులో ప్రపంచయుద్ధం వచ్చింది. 44 ఏళ్ల వయసులో మామూలు సిపాయిగా సైన్యంలోకి వెళ్లారు. యుద్ధమంతా చేసి 1918 డిసెంబరు ఆఖరున బయటపడ్డారు.

తిరిగొచ్చేసరికి ఆ ఉత్తర్వు సంగతి ఎవరికీ పట్టలేదు. 1919లో బెజాన్సోన్‌లో ఒక ఆచార్యుని బదులుగా చేరారు. 1920లో పెళ్లి చేసుకున్నారు, అప్పటికి ఏభై ఏళ్లు. ఆమె పెళ్లైన కొద్దికాలానికే చనిపోయింది. 1922లో బెజాన్సోన్ ఆచార్యుడు తిరిగొచ్చాడు. ఈయన డిజోన్ వెళ్లారు, అక్కడా మరొకరి బదులే. 1925లో రెన్ పట్టణం. మన భాషలో చెప్పాలంటే లీవు వేకెన్సీలలో బ్రతికారు.

1926లో డిజోన్‌లో స్థిరమైన కుర్చీ ఖాళీ అయింది. అంతకుముందు మూడేళ్లు అక్కడే పనిచేశారు కాబట్టి ఆయనకే రావలసింది. అక్కడ జెవ్రే అనే ఆచార్యునికి ఈయన పొడ గిట్టదు. బాషెలియే 1913 నాటి వ్యాసంలోంచి ఒక భాగం పట్టుకుని, ఇందులో తప్పుందేమో చూడమని పారిస్‌లోని పాల్ లెవీకి పంపారు. లెవీ ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆచార్యుడు, సంభావ్యతా శాస్త్రంలో అప్పుడప్పుడే పెద్దపేరు తెచ్చుకుంటున్నవాడు. పంపిన భాగం వరకే చూసి, తప్పేనని ధ్రువపరుస్తూ జవాబిచ్చారు. దానికి ముందు బాషెలియే ఏమేమి వ్రాశారో తిరగేయలేదు. ఆ ఉత్తరం సభలో చదివారు. కుర్చీ ఇంకొకరికి పోయింది. బాషెలియే మండిపడ్డారు, జరిగిన అన్యాయమంతా వ్రాసి నలుగురికీ పంపుకున్నారు. పోయిన కుర్చీ తిరిగి రాలేదు.

మరుసటి ఏడు, 1927లో, బెజాన్సోన్ వారు ఆయనను స్థిరమైన ఆచార్యునిగా తీసుకున్నారు. వ్యాసం సమర్పించిన 27 ఏళ్లకు, 57వ ఏట పర్మనెంటయ్యారు. పదేళ్లు చేసి 1937లో రిటైరయ్యారు.

ఇంతలో 1931లో రష్యాలో కొల్మొగోరోవ్ ఒక వ్యాసం ప్రకటించారు. ఆధునిక సంభావ్యతా శాస్త్రానికి పునాదిరాళ్లలో అదొకటి. లెవీ దాన్ని చదువుతుంటే అందులో బాషెలియే పేరు, ఆయన పని గౌరవంగా ప్రస్తావించి కనిపించాయి. అప్పుడు వెనక్కి వెళ్లి మొత్తం చదివారు. తను తప్పనుకున్నది తన తొందరపాటని తెలుసుకుని బాషెలియేకు ఉత్తరం వ్రాసి క్షమాపణ చెప్పుకున్నారు. ఇద్దరూ రాజీపడ్డారు. లెవీ పెద్దమనిషి కనుక ఆ మాత్రమైనా చేశారని నేననుకుంటాను. మన ఆఫీసుల్లో తప్పుడు నోటు పెట్టినవాళ్లు ఎందరు తిరిగి ఉత్తరం వ్రాశారు? ఆ కొల్మొగోరోవ్‌గారే 1962లో కలకత్తా వచ్చి, మన సి.ఆర్.రావుగారి పర్యవేక్షణలో వరదన్ అనే విద్యార్థి వ్రాసిన డాక్టరేటు వ్యాసాన్ని పరీక్షించారు. రావుగారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివినవారు. ఇది కథకు సంబంధం లేని మాటే, కాని తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను.

బాషెలియే 1941 వరకు ఏదో ఒకటి ప్రకటిస్తూనే ఉన్నారు. 1946 ఏప్రిల్ 28న బ్రిటనీ తీరంలోని సాన్ సెర్వాన్ పట్టణంలో 76వ ఏట మరణించారు. సొంత ఊరైన లె హావ్ర్ దగ్గర సాన్విక్‌లో సమాధి చేశారు. గణితం తెలిసిన కొద్దిమందికి ఆయన పేరు తెలుసు. షేర్ బజారు మనుషులకు ఒక్కరికీ తెలియదు.

1950ల మధ్యలో అమెరికాలో సావేజ్ అనే సాంఖ్యక శాస్త్రవేత్తకు లైబ్రరీలో ఒక పాత ఫ్రెంచి పుస్తకం దొరికింది. అది 1914 నాటి ఆ చిన్న పుస్తకమే. ఈయనెవరో మీలో ఎవరికైనా తెలుసునా అని ఆర్థికశాస్త్రజ్ఞులైన మిత్రులకు కార్డులు వ్రాశాడు. ఒక కార్డు పాల్ శామ్యూల్‌సన్‌కు అందింది. ఆయన వెదికితే 1900 నాటి అసలు వ్యాసం దొరికింది. 1964లో దాని ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. బాషెలియే లెక్క ధర రూపాయల్లో చెదురుతుందంటుంది, దాని ప్రకారం ధర సున్నా కిందకు కూడా పోవచ్చు. శాతాల్లో చెదురుతుందని దాన్ని సవరించారు. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ ఆ సవరించిన లెక్క మీదనే బయానా బేరాలకు, అంటే ఆప్షన్లకు, ధర కట్టే సూత్రం సాధించారు. షోల్స్‌కు, మెర్టన్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్లాక్ అప్పటికి రెండేళ్ల క్రితమే పోయాడు. ఆ ఇద్దరూ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ మరుసటి ఏడు, రష్యా అప్పు ఎగ్గొట్టాక బజార్లు తల్లకిందులైతే, కుప్పకూలింది. పెద్ద బ్యాంకులు కొన్ని కలిసి 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని నిలబెట్టవలసి వచ్చింది.

నాకు కావలసిన జవాబు మాత్రం ఈ కథలో ఇంకొక పాయలో ఉంది. 1963లో బెన్వా మాండెల్‌బ్రోట్ పత్తి ధరలు పరిశీలించాడు. మన గుంటూరు పత్తి కాదు, అమెరికా పత్తి. ఏళ్ల తరబడి ధరల మార్పులను గ్రాఫు మీద పెడితే వచ్చింది గంట కాదు. నడుమ శిఖరం గంటకంటె ఎత్తు, భుజాలు సన్నం, చివర్లు మాత్రం లావు. అంటే ఏమీ జరగని రోజులు మనమనుకున్నదానికంటె ఎక్కువ, భయంకరమైన రోజులు కూడా మనమనుకున్నదానికంటె చాలా ఎక్కువ. ఆ లావు చివర్లను వర్ణించడానికి ఆయన వాడిన గణితం ఎవరిదనుకున్నారు? పాల్ లెవీది. మాండెల్‌బ్రోట్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో లెవీ పాఠాలు విన్న విద్యార్థి. బాషెలియే నోటి ముందు కూడు తీసిన మనిషి గణితమే చివరకు బాషెలియే వక్రాన్ని సరిదిద్దడానికి పనికొచ్చింది. అయితే మాండెల్‌బ్రోట్ చివర్లను మరీ లావు చేశాడని, ఆయన చెప్పిన పద్ధతిలో ప్రామాణిక విచలనమే లెక్కకు అందదని తరువాతివారు తేల్చారు. నిజం గంటకూ ఆయన ఆకారానికీ నడుమ ఉంది. పైగా ఆ ఆకారం ఒక్కచోట నిలవదు. రోజువారీ మార్పులు చూస్తే చివర్లు బాగా లావు. నెలవారీ, ఏటేటా మార్పులు చూస్తే మెల్లగా గంటకు దగ్గరవుతుంది.

రెండో సంగతి 1982లో రాబర్ట్ ఎంగిల్ చెప్పాడు, 1986లో బొలర్స్‌లెవ్ దాన్ని విస్తరించాడు. బాషెలియే ఒకే అంకెగా కూర్చోబెట్టిన అస్థిరతా గుణకాన్ని వీరు లేపి నడిపించారు. ఈ రోజు బజారు ఎక్కువగా కదిలితే రేపటి గుణకం పెద్దది చేసుకోవాలి, కొన్నాళ్లు సద్దుమణిగితే మెల్లగా తగ్గించుకోవాలి. పెద్ద కదలికలు ఒంటరిగా రావు, గుంపుగా వస్తాయి, పైకీ కిందకీ రెండువైపులా. 2020 మార్చినే చూడండి. 9, 12, 16, 23 తేదీల్లో ఆ పతనాలు. అదే వరసలో 25న దాదాపు 7 శాతం, ఏప్రిల్ 7న దాదాపు 9 శాతం ఎక్కింది. ఒక్కొక్క రోజును దాని వేళకు తగిన గుణకంతో చూస్తే దాదాపు గంట వక్రమే. ప్రశాంతమైన రోజుల సన్నని గంటలను, కలవరపు రోజుల వెడల్పు గంటలను ఒకే కుప్పలో పోస్తే వచ్చేది ఎత్తు శిఖరం, లావు చివర్ల ఆకారం. ఎంగిల్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది చదివాక నా వరిమళ్లు గుర్తొచ్చాయి. ఒక మడిలో దిగుబడి తగ్గిందని పక్క మడి బెదిరిపోదు. అందుకే అక్కడ గంట వక్రం నన్ను సర్వీసంతా మోసం చేయలేదు. బజారులో ఒకడు అమ్మితే చూసి పదిమంది అమ్ముతారు. మార్చి 24న ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి.

అదే ఏడు నవంబరులో సెన్సెక్సు పాత గరిష్ఠం దాటింది. ఉంచుకుని ఉంటే నా 4 లక్షలు తిరిగొచ్చి పైన కొంత ఉండేది. మన తరానికి పింఛను ఖాయంగా వస్తోంది. 2004 జనవరి 1 తరువాత కేంద్ర సర్వీసులో చేరిన మన పిల్లల నెలనెలా కోత మాత్రం బజారుకే పోయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి యూనిఫైడ్ పెన్షన్ స్కీములోకి మారే వీలు ఇచ్చారు. మా అబ్బాయి ఏది ఎంచుకోవాలని నన్ను అడిగినప్పుడు సలహా చెప్పలేదు. రోజువారీ అంకెలు వ్రాసుకున్న నా నోటు పుస్తకం, అందులో గీసిన లావు చివర్ల బొమ్మ చూపించాను. వాడు ఒక సాయంత్రమంతా కూర్చుని ప్రశ్నలడిగాడు. నాలుగింటికి జవాబు చెప్పగలిగాను.

1996లో బాషెలియే పేరుమీద ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 2000లో, ఆయన వ్యాసానికి నూరేళ్లు నిండిన సంవత్సరంలో, దాని మొదటి ప్రపంచ మహాసభ పారిస్‌లోనే జరిగింది.

మా ఆవిడకు 2021లో ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయించాం. మిగిలిన డబ్బు పోస్టాఫీసులో వేసి, దానికి నెలనెలా కొంత చేర్చి, కుడి మోకాలికి 2023లో చేయించాం. ఇప్పుడు కర్ర లేకుండానే గుడికి వెళ్లొస్తోంది.